గుట్ట మీది పాత రన్‌వే, బంకమట్టి మీది కొత్త రన్‌వే: సెయింట్ జార్జ్ కేస్ స్టడీ

లాస్ వేగాస్ నుంచి జయన్ నేషనల్ పార్కు చూడటానికి కారులో వెళ్ళే మనవాళ్ళందరూ ఈ ఊరు దాటే వెళ్తారు. యూటా రాష్ట్రం నైరుతి మూల, ఐ-15 హైవే పక్కన, ఎర్ర కొండల మధ్య ఉంటుంది సెయింట్ జార్జ్. చాలామంది అక్కడ పెట్రోలు కొట్టించుకుని, ఏదో తిని, ముందుకి సాగిపోతారు. నేను మా చెల్లెలి కుటుంబంతో వెళ్ళినప్పుడు మాత్రం సగం రోజు ఆగిపోయాను, పిల్లలు విసుక్కున్నా సరే. ఆ ఊళ్ళో చూడాల్సిన రన్‌వేలు రెండున్నాయి. ఒకటి వదిలేసింది. రెండోది దాని బదులు ఎడారిలో కొత్తగా వేసింది, వేసిన ఎనిమిదేళ్ళకే మొత్తం మూసేసి 17 అడుగుల లోతు తవ్వాల్సి వచ్చింది.

ముందే చెప్పేస్తాను, ఈ ప్రాజెక్టులో నేను పని చేయలేదు. నాది రోడ్ల పని, ఎక్కువగా కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి నేలల్లో. ఆ నేలతో ఏళ్ళ తరబడి తలపడ్డవాణ్ణి కాబట్టి, ఇంకో దేశంలో, వాన పడని చోట అదే జాతి మట్టి ఇంత పని చేసిందంటే వదల్లేకపోయాను. దొరికినంత చదివి, కళ్ళతో చూసి, నా అనుభవంతో పోల్చి రాస్తున్నదే ఇది.

పాత రన్‌వేతో మొదలుపెడతాను. ఊరికి పడమట పక్కనే నల్లటి గుట్ట ఒకటి ఉంది, పైన బల్లపరుపు, అంచులు నిలువుగా దిగిపోతాయి. ఇది ఎలా పుట్టిందో వింటే ముచ్చటేస్తుంది. లక్షల ఏళ్ళ కిందట అక్కడ లోయ ఉండేది. అగ్నిపర్వతం నుంచి వచ్చిన లావా ఆ లోయలోకి పారి గడ్డకట్టి నల్లరాయి అయింది. చుట్టూ ఉన్న మెత్తటి రాయి, మట్టి కాలక్రమంలో కోసుకుపోయాయి, నల్లరాయి మాత్రం కరగలేదు. అలా ఒకప్పటి లోయ అడుగు ఇప్పుడు గుట్ట నెత్తి అయి కూర్చుంది. భూగర్భ శాస్త్రంలో దీన్ని తలకిందులైన లోయ అంటారు, సెయింట్ జార్జ్ చుట్టుపక్కల ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఆ రాతి నెత్తి మీద రన్‌వే వేశారు. పొడవు 6,606 అడుగులు, వెడల్పు 100 అడుగులు. మన లెక్కలో దాదాపు 2 కిలోమీటర్లు, 30 మీటర్లు. కర్నూలు దగ్గర 2021లో మొదలైన ఓర్వకల్లు రన్‌వే కూడా 2,000 మీటర్లే, ఏటీఆర్ విమానాలు దిగుతున్నాయి. అంటే చిన్న విమానాలకి ఈ పొడవు చాలు.

కానీ సెయింట్ జార్జ్‌లో రెండు ఇబ్బందులు కలిశాయి. ఒకటి ఎండ. యూటా రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రత, 117 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 47 సెల్సియస్, 1985లో నమోదైంది ఈ ఊళ్ళోనే. గుట్ట ఎత్తు సముద్ర మట్టానికి 2,941 అడుగులు. మామూలుగా ఆ ఎత్తులో 9 డిగ్రీల సెల్సియస్ ఉండాలని విమానాల లెక్క. జూన్, జూలై మధ్యాహ్నం 43 డిగ్రీలు ఉందనుకోండి, తేడా 34. గుట్ట ఎత్తుకి డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే విమానం రెక్కకి తగిలే గాలి దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉండే గాలంత పలచగా ఉంటుంది. గాలి పలచబడితే రెక్కకి ఎత్తే బలం తగ్గుతుంది, ఇంజిన్‌కి తోసే బలం తగ్గుతుంది, పైకి లేవడానికి ఎక్కువ దూరం పరిగెత్తాలి. అంటే 6,606 అడుగుల రన్‌వే వేసవి మధ్యాహ్నం పూట కుంచించుకుపోయినట్టే.

రెండోది అంచు. రన్‌వే అంటే తారు వేసిన పట్టీ ఒక్కటే కాదు. విమానం అదుపు తప్పి బయటికి వెళ్ళినా ప్రాణాలు పోకుండా చుట్టూ చదునైన ఖాళీ నేల ఉండాలి. సేఫ్టీ ఏరియా అంటారు దాన్ని. అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ లెక్క ప్రకారం నిదానంగా దిగే టర్బోప్రాప్ (పంకాతో నడిచే) విమానాలకి రన్‌వే చివర 300 అడుగులు, వెడల్పు 150 అడుగులుంటే సరిపోతుంది. అదే వేగంగా దిగే ప్రాంతీయ జెట్లకైతే చివర 1,000 అడుగులు, వెడల్పు 500 అడుగులు కావాలి. గుట్ట నెత్తి మీద అంత జాగా ఎక్కడిది? మా చెల్లెలి భర్త సాఫ్ట్‌వేర్ మనిషి, అంచు దగ్గర నిలబడి కిందకి చూసి, "మట్టి పోసి కలపొచ్చు కదా బావగారూ, మీరు రోడ్లకి పోస్తారు కదా" అన్నాడు. పోయొచ్చు, కానీ అంత ఎత్తున కట్ట పోయాలంటే దాని పాదం ఊళ్ళోకి, రోడ్ల మీదకి వచ్చేస్తుంది. పోనీ పోశారనుకున్నా పొడవు పెరిగేది కొంచెమే. ఖర్చు పెట్టి గుట్టని సాగదీయడం కంటే వేరే చోటు వెతుక్కోవడమే మేలు. వాళ్ళు ఆ నిర్ణయానికి రావడంలో తప్పేమీ లేదు, నేనైనా అదే చెప్పేవాణ్ణి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. స్కైవెస్ట్ ఎయిర్‌లైన్స్ పుట్టింది ఈ ఊళ్ళోనే, 1972లో, ప్రధాన కార్యాలయం ఇప్పటికీ ఇక్కడే. పెద్ద కంపెనీల పేరు మీద దేశమంతా ప్రాంతీయ జెట్లు నడిపే సంస్థ అది. అలాంటి సంస్థ సొంత ఊరికి నడపగలిగింది మాత్రం 30 సీట్ల బ్రసీలియా టర్బోప్రాప్. గుట్ట మీద 50 సీట్ల జెట్ దించే వీలు ఉండేది కాదు. జనాభా చూస్తే 2000లో 50,000 దరిదాపుల్లో ఉన్నది 2010కి 73,000 దగ్గరికి వచ్చింది. రిటైరైనవాళ్ళు చలికి తట్టుకోలేక అక్కడికి వచ్చి స్థిరపడుతున్నారు, జయన్ పార్కుకి వచ్చేవాళ్ళు పెరుగుతున్నారు. పెద్ద విమానం కావాలంటే రెండు గంటలు కారు నడిపి లాస్ వేగాస్ పోవాల్సిందే.

కొత్త చోటు ఊరికి ఆగ్నేయంగా, 5 మైళ్ళ దూరంలో, విశాలమైన ఎడారి నేల. 2001లో ఎఫ్ఏఏ ఆమోదం ఇచ్చింది. వెంటనే కోర్టు కేసు పడింది. గ్రాండ్ కాన్యన్ ట్రస్ట్ అనే పర్యావరణ సంస్థ వేసింది. వాళ్ళ అభ్యంతరం నేల గురించి కాదు, శబ్దం గురించి. జయన్ పార్కు అక్కడికి సుమారు 25 మైళ్ళు. కొత్త విమానాశ్రయం వల్ల అదనంగా వచ్చే శబ్దం తక్కువే కాబట్టి ప్రభావం లేదని ఎఫ్ఏఏ వాదన. 2002లో వాషింగ్టన్‌లోని అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు. కొత్తది ఎంత కలుపుతుంది అని మాత్రమే చూస్తే సరిపోదు, ఇప్పటికే పార్కు మీద నుంచి పోతున్న విమానాలు, ముందు ముందు రాబోయేవి, ఇది, అన్నీ కలిపి మొత్తం ఎంత అవుతుందో చూడాలి అని తిప్పి పంపింది. ఆ తీర్పు నాకు చాలా నచ్చింది. మన దగ్గర చెరువు కింద ఒక్కొక్కరూ "నాది చిన్న వెంచరే కదా" అని కట్టుకుంటూ పోతే చివరికి వరద నీరు ఎక్కడికి పోవాలో తెలియనట్టే ఇదీ. పూర్తి స్థాయి పర్యావరణ నివేదిక తయారయ్యేసరికి 2006 అయింది, పనులు 2008లో మొదలయ్యాయి, 2011 జనవరిలో కొత్త విమానాశ్రయం తెరిచారు. ఖర్చు సుమారు 16 కోట్ల డాలర్లు. రన్‌వే పొడవు 9,300 అడుగులు, వెడల్పు 150. సేఫ్టీ ఏరియాకి కావలసినంత నేల. 50 సీట్ల జెట్లు దిగడం మొదలైంది, తర్వాత డెన్వర్, ఫీనిక్స్‌లకీ విమానాలు వచ్చాయి. గుట్ట మీద రన్‌వే అదే నెలలో మూతపడింది.

ఇంతవరకూ చూస్తే హాయిగా సాగిన కథే. నేను రాయాలనుకున్నది మాత్రం దీని తర్వాత జరిగినదాని గురించి.

కొత్త రన్‌వే కింద కొంత భాగంలో ఉబ్బే బంకమట్టి ఉంది, అది ఉబ్బి పైనున్న రన్‌వేని ఎగుడుదిగుడు చేసింది. ఆ ప్రాంతంలో ఇలాంటి మట్టిని బ్లూ క్లే అంటారు, నీలి బూడిద రంగులో ఉంటుంది. ఇరవై కోట్ల ఏళ్ళకు పైబడిన పొరల్లో, అగ్నిపర్వతాల బూడిద నానిపోయి మారిన మట్టి. మన బోర్ల పనిలో, పైలింగ్ పనిలో వాడే బెంటోనైట్ ఉంది చూడండి, దాని చుట్టమే. అణువుల స్థాయిలో పలకలు పలకలుగా ఉంటుంది, పలకల మధ్యకి నీరు దూరితే విడిపోయి ఉబ్బుతుంది, ఎండితే దగ్గరపడుతుంది. మన నల్లరేగడిలో ఉండే ఖనిజమూ ఇదే కుటుంబం. కర్నూలు రైతుకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, వేసవిలో నేల నెర్రెలిచ్చి మోచేయి దాకా కర్ర దిగుతుంది, తొలకరికి అదే నేల మూసుకుపోయి కాలికి అంటుకుని వదలదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎడారిలో వానే లేదు కదా, సెయింట్ జార్జ్‌లో ఏడాది మొత్తానికి పడేది 8 అంగుళాల దరిదాపు, మన అనంతపురం దానికి రెట్టింపు కంటే ఎక్కువ తడుస్తుంది. మరి మట్టి ఎందుకు ఉబ్బింది?

సైట్లో చాలామంది ఇంజినీర్లు పొరబడేది ఇక్కడే, ఒకప్పుడు నేనూ పొరబడ్డాను. ఎండిన నేల క్షేమమైన నేల కాదు. బాగా ఎండిన బంకమట్టికి దాహం ఎక్కువ, ఉబ్బడానికి దానిలో ఎక్కువ శక్తి మిగిలి ఉంటుంది. ఇప్పటికే తడిసి ఉబ్బిన మట్టి ఇంక పెద్దగా ఉబ్బదు. ఎడారి నేల వేల ఏళ్ళుగా పైనుంచి ఎండుతూ ఉంది, కింద ఉన్న కొద్ది తడి ఆవిరై పైకి వచ్చి గాలిలో కలిసిపోతూ ఉంటుంది. దాని మీద 150 అడుగుల వెడల్పున రన్‌వే పరిచారంటే కుండ మీద మూత పెట్టినట్టే. కింద నుంచి వచ్చే ఆవిరికి దారి లేదు, రాత్రి పేవ్‌మెంట్ చల్లబడినప్పుడు అడుగున తడి పేరుకుంటుంది. దానికి తోడు ఎప్పుడో పడే గట్టి వాన అంచుల నుంచి, పగుళ్ళ నుంచి దిగుతుంది. ఇదంతా ఒక్క సీజన్‌లో జరిగేది కాదు. మూడేళ్ళు, అయిదేళ్ళు, ఎనిమిదేళ్ళు పడుతుంది. అప్పగించిన రోజు లెవెల్స్ అద్దంలా ఉంటాయి, డిఫెక్ట్ లయబిలిటీ గడువు, అంటే లోపాలకి కాంట్రాక్టర్ పూచీ ఉండే కాలం, అది కూడా దాటిపోతుంది, ఆ తర్వాత నేల కదలడం మొదలవుతుంది. మన రేగడి ఈ విషయంలో నయమనిపిస్తుంది, ప్రతి ఏడాదీ ఉబ్బి కుంగుతుంది కాబట్టి రెండు వానాకాలాల్లోనే గుట్టు బయటపడుతుంది.

ఇంకో మాట. మొత్తం రన్‌వే ఒకే రకంగా నాలుగు అంగుళాలు లేచినా పైలట్‌కి తెలియదు. ఒకచోట లేచి పక్కన లేవకపోతేనే కష్టం. బంకమట్టి పొర ఒకచోట మందంగా, ఒకచోట పలచగా, ఇంకోచోట అసలు లేకుండా ఉంటుంది కాబట్టి ఎగుడుదిగుడు తప్పదు. రోడ్డు మీద అలాంటి చోట డ్రైవర్ బ్రేక్ వేస్తాడు, గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంలో ముక్కు ఎత్తబోతున్న విమానానికి ఆ వెసులుబాటు లేదు. బరువు సంగతి కూడా చూద్దాం. 50 సీట్ల సీఆర్‌జే విమానం నిండా నింపినా 24 టన్నులు. మన రోడ్ల మీద తిరిగే పది చక్రాల టిప్పర్ లోడుతో 28 టన్నులు ఉంటుంది. చక్రానికి లెక్కేస్తే విమానానిదే ఎక్కువ భారం, నిజమే, కానీ రోజుకి కొన్ని విమానాలే. అంటే ఈ రన్‌వేని పాడు చేసింది పైనుంచి పడ్డ బరువు కాదు, కింద నుంచి తోసిన మట్టి. పైన తారు మందం ఎంత పెంచినా దీనికి మందు కాదు. మన దగ్గర రేగడి మీద రోడ్డు ఎత్తుపల్లాలైతే ఇంకో పొర వేసేస్తారు, రెండేళ్ళకి మళ్ళీ అదే ఆకారం పైకి వస్తుంది. నేనే రెండు చోట్ల చూశాను.

2019లో వాళ్ళు కఠిన నిర్ణయం తీసుకున్నారు. మే 29 నుంచి సెప్టెంబర్ 26 వరకు, నాలుగు నెలలు, విమానాశ్రయం మొత్తం మూసేశారు. ఒకే రన్‌వే ఉన్న చోట ఇంకో దారి లేదు. సగం వాడుతూ సగం కట్టడం కుదిరే పని కాదు. ఊరి జనం మళ్ళీ లాస్ వేగాస్‌కో, 50 మైళ్ళ దూరంలో ఉన్న సీడర్ సిటీకో పోవాల్సి వచ్చింది. గుట్ట మీద పాత రన్‌వే అప్పటికి ఎనిమిదేళ్ళుగా వాడకంలో లేదు, అది ఆదుకునే స్థితి ఎప్పుడో దాటిపోయింది. దెబ్బతిన్న చోట దాదాపు 17 అడుగుల లోతు తవ్వి, ఉబ్బే మట్టి తీసేసి, మంచి మట్టి నింపి, మళ్ళీ పేవ్‌మెంట్ వేశారు. ఖర్చు సుమారు 2.6 కోట్ల డాలర్లు.

17 అడుగులా అని నోరెళ్ళబెట్టొద్దు, అందులో లెక్క ఉంది. మొదటిది, నేలలో తడి మారుతూ ఉండే లోతు ఒకటి ఉంటుంది, దాని కింద మట్టి ఉబ్బే రకమైనా తడి మారదు కాబట్టి కదలదు. ఎండ ప్రాంతాల్లో ఆ లోతు ఎక్కువ. రెండోది బరువు. 17 అడుగులంటే 5.2 మీటర్లు, బాగా దిమ్మిస చేసిన మట్టి ఘనపు మీటరు 2 టన్నులనుకుంటే చదరపు మీటరుకి 10 టన్నులకు పైగా అణిచిపెడుతుంది. కింద మిగిలిన బంకమట్టి ఉబ్బాలంటే ఆ బరువుని మొత్తం ఎత్తాలి. మనం రేగడి మీద రోడ్లకి 60 సెంటీమీటర్ల నుంచి మీటరు వరకు ఉబ్బని బంకమట్టి పొర వేసి సరిపెట్టుకుంటాం, చాలాచోట్ల పని చేస్తుంది కూడా. కానీ రోడ్డుకి సరిపోయిన కొలత రన్‌వేకి సరిపోతుందని అనుకోకూడదు.

"తవ్వకుండా సున్నం కలపొచ్చు కదా" అని మా జూనియర్ ఒకడు ఈ కేసు చెప్పినప్పుడు అడిగాడు. మంచి ప్రశ్న. రేగడికి సున్నం బ్రహ్మాండంగా పని చేస్తుంది, మనం వాడుతూనే ఉన్నాం. కానీ ఆ ఎడారి నేలల్లో చాలాచోట్ల జిప్సం ఉంటుంది, అదొక సల్ఫేట్. సల్ఫేట్ ఉన్న బంకమట్టిలో సున్నం కలిపితే కొత్త స్ఫటికాలు పుట్టి, అవి నీరు పీల్చుకుని, సున్నం కలపని మట్టి కంటే ఎక్కువగా ఉబ్బుతాయి. ఈ ప్రమాదం ప్రపంచానికి బాగా తెలిసింది పక్కనే ఉన్న లాస్ వేగాస్‌లో, స్టీవర్ట్ ఎవెన్యూ అనే రోడ్డు పైకి లేచినప్పుడు. కాబట్టి సల్ఫేట్ పరీక్ష చేయకుండా సున్నం జోలికి పోకూడదు. పైగా సున్నం కలిపేది పై అడుగో రెండడుగులో, సమస్య ఉన్నది అంతకంటే చాలా లోతున.

డిజైన్ దశలో ఎవరిది తప్పు అని తీర్పు చెప్పే ఉద్దేశం నాకు లేదు. నా మీదే ఒక ఉదాహరణ చెప్తాను. కొన్నేళ్ళ కిందట ఒక రోడ్డు వెడల్పు పనిలో పది కిలోమీటర్లకి పన్నెండు చోట్ల గుంటలు తీసి పరీక్ష చేశాం. నిబంధన ప్రకారం తక్కువేమీ కాదు. అన్ని గుంటల్లోనూ గ్రావెల్ మట్టే. రెండో వానాకాలానికి ఒకచోట రోడ్డు అంచు పొడవునా పగులు వచ్చింది, నాలుగు వందల మీటర్లు. తవ్వి చూస్తే రెండు గుంటల మధ్య పాత వాగు పూడిపోయి, అందులో రేగడి పేరుకుని ఉంది, పక్క పొలం కాలువ నీళ్ళు దానిలోకి దిగుతున్నాయి. ఆ ఊరి పెద్దాయన ఒకరు వచ్చి, "ముందే అడిగుంటే చెప్పేవాణ్ణి కదయ్యా, ఇక్కడ మా నాన్న పత్తి వేసేవాడు" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. పత్తి వేశారంటే రేగడే కదా. అడగడానికి ఎంత ఖర్చవుతుంది?

నేల మీద పరీక్ష కూడా ఖరీదైనదేం కాదు. 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన పొడిమట్టి 10 గ్రాములు చొప్పున రెండు గాజు కొలజాడీల్లో వేసి, ఒకదానిలో నీళ్ళు, ఒకదానిలో కిరోసిన్ పోసి, 24 గంటలు వదిలేస్తే చాలు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్ళలో ఉబ్బుతుంది. తేడా ఎంత శాతమో చూస్తే అది ఏ జాతి మట్టో తెలిసిపోతుంది. సెయింట్ జార్జ్ చుట్టుపక్కల కొండవాలుల్లో బ్లూ క్లే బయటపడ్డ చోట నేల పైపొర పేలాలు చల్లినట్టు పొరపొరలుగా పొడిపొడిగా ఉంటుంది, అడుగు పెడితే మెత్తగా దిగుతుంది. ఆ పేలాల పొర చూస్తే ప్రయోగశాలకి వెళ్ళకముందే అనుమానం రావాలి.

తిరిగి వచ్చేముందు మళ్ళీ గుట్ట ఎక్కాం. పాత విమానాశ్రయం నేలని ఇప్పుడు టెక్ రిడ్జ్ అనే పేరుతో అభివృద్ధి చేస్తున్నారు, డిక్సీ టెక్నికల్ కాలేజీ 2018లో అక్కడికి వచ్చింది, కంపెనీలు, ఇళ్ళు వస్తున్నాయి. అంచున నల్లరాయి మీద కాలు పెట్టి చూశాను, పగులు పట్టని దిట్టమైన రాయి. పునాదికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ పొడవు లేదు. అవతల ఆగ్నేయంలో కావలసినంత పొడవుంది, నేల కుదురుగా లేదు. మన దగ్గర దొనకొండ, మామునూరు లాంటి పాత ఎయిర్‌స్ట్రిప్‌ల పేర్లు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా జనం అడిగేది ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు అని. రెండు మీటర్ల లోతున ఏం మట్టి ఉంది అని అడిగినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు.

ఇంటికి వచ్చిన నెలలోనే ఒక కొత్త పని మొదలైంది, పైకి చూస్తే అంతా గ్రావెల్ పోసి చదును చేసిన నేల. గుంటల సంఖ్య రెట్టింపు చేయించాను, లోతు మూడు మీటర్లకి పెంచాను, కాంట్రాక్టర్‌కి కోపం వచ్చింది. అంతకుముందు రెండు రోజులు చుట్టుపక్కల రైతుల దగ్గర కూర్చుని ఎవరు ఎక్కడ ఏం పంట వేశారో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వాళ్ళు పత్తి అన్న చోట తవ్విన రెండు గుంటల్లోనూ రెండు మీటర్ల కింద రేగడి తగిలింది. ఆ ముక్కకి డిజైన్ మార్చి పంపాను.